కుడివైపు దారి

తన బేకరీకి సెలవు రోజున వదిన అతని కళ్ళజోళ్ళ దుకాణానికి వచ్చిందంటే అద్దాలు మార్పించుకోవడానికే అనుకున్నాడు అతను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, గోడ మీది అక్షరాల పట్టికను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "మీ అన్నదమ్ములు ఏటేటా తిరిగొచ్చేవాళ్ళు చూడు, ఆ కొండ చుట్టుదారి, అది నేను నడవాలి. ప్లాన్ నువ్వే వెయ్యి. నువ్వూ రావాలి," అంది.

ఫ్రేముకు మర బిగిస్తున్న అతని చెయ్యి ఆగిపోయింది. ఆవిడకి అరవై దగ్గర పడ్డాయి. అతనికీ యాభై దాటి చాలా కాలమే అయింది. అన్నయ్య పోయి రెండేళ్ళు. ఆ చుట్టుదారి మాట ఇంట్లో ఎవరూ ఎత్తక అంతకంటే చాలా ఎక్కువే అయింది.

"వదినా, అది పార్కులో నడక కాదు," అన్నాడు.

"పార్కులో నడవడానికైతే నిన్నెందుకు అడుగుతాను?"

ఆవిడ కోడలిగా అడుగుపెట్టేనాటికి అతను బడికెళ్ళే కుర్రాడు. 'మీరు' అని పిలవబోతే చెవి మెలిపెట్టి మరీ 'నువ్వు' అనిపించింది. ఆనాటి నుంచీ ఆవిడ పట్టిన పట్టు విడవడం అతను చూసి ఎరుగడు. మరీ కాదనలేక, ఎప్పుడో అటక మీదికి పోయిన పాత మ్యాపును దింపి, దులిపి పెట్టాడు.

ఆ రోజు నుంచి షట్టరు సగం దించాక, కళ్ళు పరీక్షించే గదిలో ఇద్దరూ మ్యాపు మీదికి వంగేవారు. మూలలు చుట్టుకుపోకుండా లెన్సుల పెట్టెలు బరువు పెట్టేవారు. బస్సు ఆగే చివరి చోట కలప కోతమిల్లు. దాని వెనకాలే దారి రెండుగా చీలుతుంది. ఎడమది దట్టమైన అడవిలో నిట్టనిలువుగా కనుమ మీదికి ఎక్కుతుంది. కుడిది వాగును పట్టుకుని వంకర్లు పోతూ, మెల్లగా శిఖరం మీదికి చేరుతుంది. పైన ఆ రెండూ కలుస్తాయి. అటు ఎక్కి ఇటు దిగితే మళ్ళీ కోతమిల్లే. మధ్యలో ఊరూ లేదు, ఇల్లూ లేదు. కనుమ కింద గొర్రెలవాళ్ళు ఎప్పుడో కట్టుకున్న రాతి గుడిసె ఒక్కటే.

మ్యాపు మీద వేలు కదిలిందంటే చాలు, అతని నోరు ఆగేది కాదు. అన్నయ్య బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. ఏడాదంతా బళ్ళ కింద గోతిలో నిలబడే మనిషి, వానలు తగ్గగానే తలెత్తి కొండకేసి చూసేవాడు. తెల్లారకముందే తమ్ముణ్ణి తట్టి లేపేవాడు. చొక్కా ఉతికినా పోని గ్రీజు వాసన ముందు నడుస్తుంటే, ఆ వాసన వెనకాలే అతను నడిచేవాడు. అన్నయ్య కాలు పెట్టిన రాతి మీదే తనూ కాలు పెట్టేవాడు. అలసట వస్తే అన్నయ్య ఈల వేసేవాడు. రాగం ఉండేది కాదు, ఊపిరి మాత్రం ఉండేది. గుడిసెలో నిప్పు ముందు కూర్చుని తడి మేజోళ్ళు ఆరబెట్టబోయి కాల్చుకున్న ఏడాది సంగతి చెబుతూ అతను కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. వదిన కూడా నవ్వింది. విని విని ఉన్న కథే అయినా కొత్తగా విన్నట్టే నవ్వింది.

తగువు ఎక్కడొచ్చిందంటే, ఎటువైపు నుంచి మొదలెట్టాలన్న దగ్గర. అతను ఎడమ అన్నాడు. వదిన కుడి అంది. ఎడమవైపు ఎక్కడం కష్టం కాబట్టే ఒంట్లో ఓపిక ఉండగా ముందు ఎక్కెయ్యాలని అతను లెక్చరు మొదలుపెట్టాడు. ఆ లెక్కన రెండో రోజు ఎక్కడ పడుకోవాలో, నీళ్ళు ఎక్కడ నింపుకోవాలో ఏకరువు పెట్టాడు. చివరికి, "అన్నయ్య ఎప్పుడూ ఎడమ నుంచే వెళ్ళాడు," అన్నాడు, ఇక మాట్లాడేందుకేం లేదన్నట్టు.

వదిన మ్యాపులో ఎడమ దారి మీద వేలు పెట్టింది.

"ఎందుకో తెలుసా నీకు?" అంది. "గోతిలో జారిపడ్డప్పుడు ఆయన మోకాలు చెడింది. ఎక్కడం ఫరవాలేదు, నిటారుగా దిగితే ప్రాణం పోయేది. అందుకని దిగేటప్పుడు వాగు పక్క మెత్తటి దారి. నీకు చెప్పొద్దన్నాడు. 'వాడు నన్నే చూస్తూ నడుస్తాడే, వాడికి తెలిస్తే అడుగు పడదు' అనేవాడు."

ఇంతలో ఎవరో షట్టరు తట్టి, దుకాణం ఉందా అని అడిగారు. వదినే వెళ్ళి లేదని చెప్పి పంపేసింది. గ్యారేజీలో సెలవు దొరకడం లేదంటూ అన్నయ్య కొండ మానేసిన ఏడాది అతనికి గుర్తొచ్చింది. అప్పుడు మనసులో ఎంత కోపం పెంచుకున్నాడో కూడా గుర్తొచ్చింది.

"మరి నీకు కుడివైపు మీద ఎందుకంత పట్టుదల?" అని అడిగాడు కాసేపటికి.

వదిన చెప్పడానికి కొంచెం సిగ్గుపడింది. వాళ్ళు దిగే రోజున పిల్లల్ని పక్కింట్లో వదిలి, వేడి రొట్టెలు మూట కట్టుకుని కోతమిల్లు దగ్గర ఎదురుచూసేది కదా. ఊరికే కూర్చోబుద్ధి కాక వాగు వెంట కొంచెం పైకి నడిచేది. మరుసటేడు ఇంకొంచెం. వీళ్ళ గొంతులు వినిపించగానే చప్పున వెనక్కి దిగి, ఏమీ ఎరగనట్టు దుంగ మీద కూర్చునేది. ఒక ఏడు తెల్లటి బండ మీంచి నీళ్ళు దూకే చోటుదాకా వెళ్ళింది. ఆ పైన దారి చెట్ల మధ్యకి మలుపు తిరిగింది. ఆ మలుపు అవతల ఏముందో చూడకుండానే వెనక్కి రావాల్సి వచ్చింది.

"అక్కణ్ణుంచి మిగిలిందంతా నాకు బాకీ," అంది.

అతను లెన్సుల పెట్టెలు జరిపి మ్యాపును తనవైపు తిప్పుకున్నాడు. కుడివైపు నుంచి లెక్క మళ్ళీ మొదలుపెట్టాడు.

పాత మ్యాపును నమ్ముకోలేమని అటవీ కార్యాలయానికి ఫోన్ చేశాడు. అక్కడి గార్డు ఓపిగ్గానే చెప్పాడు. గుడిసె కప్పు కూలిపోయింది, డేరా తెచ్చుకోవాలి. వాగు మీది చెక్కవంతెన కొట్టుకుపోయింది, నీళ్ళలో దిగి దాటాలి, అదీ పొద్దున్నే దాటాలి. పైన ఫోన్లు పనిచెయ్యవు. ఇద్దరి వయసూ అడిగి, ఒక రోజు ఎక్కువ వేసుకోండి అన్నాడు.

సాధన మొదలైంది. అతను వీపున సంచిలో లెన్సుల పెట్టెలు వేసుకుని ఇంటి మేడమెట్లు ఎక్కీ దిగీ ఒళ్ళు హూనం చేసుకున్నాడు. దుకాణం ఎక్కడికి మారుస్తున్నారని పక్కవాళ్ళు అడుగుతున్నారంటూ భార్య ఆటపట్టించింది. వదిన మాత్రం బేకరీలో పిండి బస్తాలు పనివాళ్ళని ముట్టనివ్వకుండా తనే మోసింది. రాయిలా గట్టిగా రస్కులు కాల్చి డబ్బాలకెత్తింది. వాటిని కొరకాలంటే ముందు పళ్ళకి సాధన కావాలని అతను అంటే, తినేటప్పుడు టీ అడగొద్దు అంది.

వానలు తగ్గాక బయల్దేరారు. కోతమిల్లు మూతపడి ఉంది. రంపపు పొట్టు వాసన మాత్రం ఇంకా ఉన్నట్టే అనిపించింది అతనికి. వాగు నడుముదాకా వచ్చింది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, చలికి పళ్ళు కొట్టుకుంటూ దాటారు. అవతలి ఒడ్డున వదిన బూట్లలోంచి నీళ్ళు వంపుకుంటూ చిన్నపిల్లలా నవ్వింది. ఆ తర్వాత చాలాసేపు మాటల్లేవు, ఊపిరి చప్పుడే. తెల్లబండ ఎప్పుడొస్తుందా అని అతను చూస్తూనే ఉన్నాడు. ఎంతకీ రాకపోయేసరికి అడిగాడు.

"ఎప్పుడో దాటేశాం," అంది వదిన ఆగకుండా. "చెబితే నువ్వు కూలబడి కబుర్లు మొదలెడతావని చెప్పలేదు."

ఆ మలుపు అవతల ఫెర్న్ మొక్కలు నడుమెత్తున పెరిగి ఉన్నాయి. వాటి మీద పొగమంచు పలచగా కదులుతోంది. అతను ఎన్నోసార్లు ఆ దారినే దిగాడు, కానీ కిందినుంచి ఎక్కుతూ దాన్ని ఎప్పుడూ చూడలేదు. వదిన రెండు చేతులతో ఆకుల్ని పక్కకి తోస్తూ, పిండి కలిపేటప్పుడు ఉండే మొహంతో ముందుకు సాగింది.

శిఖరం మీద గాలివాన పట్టుకుంది. ఒక పూటంతా డేరాలో ముడుచుకుని కూర్చున్నారు. వదిన పెళ్ళైన కొత్తలో అన్నయ్య ఎలా ఉండేవాడో చెప్పింది. అతను విన్నాడు. మర్నాడు ఎడమ దారిన దిగడానికి అనుకున్నదానికంటే చాలాసేపు పట్టింది. రెండుచోట్ల అతను కూర్చునే జారాడు. ఆవిడ ఒకచోట జారి మోచెయ్యి చీరుకుంది. కట్టు కడుతుంటే, ఇది మీ ఆవిడకి చెప్పకు అంది.

ఇల్లు చేరేసరికి భార్య వాకిట్లోనే నిలబడి ఉంది. ఒక రోజు ఎక్కువైందని కోపం, వచ్చాడని నిమ్మళం, రెండూ ఆవిడ మొహంలో ఉన్నాయి. వేణ్ణీళ్ళు తోడి అతని కాళ్ళు బకెట్లో పెట్టించి, తను ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. వదిన వస్తూనే బేకరీ తెరిచేసిందని ఊరంతా అప్పుడే చెప్పుకుంటున్నారంది. అతను కొండ కబుర్లు మొదలుపెట్టాడు. వాగులో వదిన ఎలా నవ్విందో చెప్పాడు. ఫెర్న్ ఆకుల్లోకి ఎలా దూసుకుపోయిందో చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు.

"ఏమైంది?" అంది భార్య.

"ఏం లేదు," అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ కొండ కథ అన్నయ్యతోనే మొదలయ్యేది.

నీళ్ళు చల్లారిపోతున్నాయని, త్వరగా చెప్పమని భార్య తొందరపెట్టింది. అతను మళ్ళీ మొదలుపెట్టాడు.