గడియ పడని ఏడిండ్లు

సాయంత్రం ఆరు గంటలు. సన్నగా జల్లు పడుతోంది. సీతాఫల్‌మండిలోని ఏడిండ్ల లైనులో ఆడవాళ్లు తలుపులు మూసి గడియలు వేసి చూస్తున్నారు. పడటం లేదు.

ఆ గడియలు మొదటినుంచీ అంతే. ఏడిండ్లలో ఉన్నది ముప్పై నాలుగు మంది; చెప్పకుండా ఒక్క మనిషి బయట ఉన్నా ఏ తలుపుకూ గడియ పడదు. ఊరికి పోయేవాళ్లు ఏడు తలుపులూ తట్టి చెప్పిపోవాలి. లైనులోని తుకారాం తాగి కల్లు దుకాణంలో పడిపోతే అందరూ కలిసి మోసుకొచ్చేవాళ్లు, తిట్టుకుంటూ.

నిజాం రాజ్యంలోకి యూనియన్ మిలిటరీ వచ్చిన పదో రోజున చాంద్‌బీ కొడుకు వలీని పట్టుకుపోయారు. వాడు మోండా మార్కెట్ దగ్గర దర్జీ దుకాణంలో పనివాడు. ఆ దుకాణం నిజాం పక్షపు రజాకార్లకు అంగీలు కుట్టింది. చెప్పిపోయే వీలు వాడికెక్కడిది? అప్పటినుంచి గడియలు పడక, మూడు రోజులుగా లూటీల భయంతో జనం తలుపులకు రోళ్లు అడ్డం పెట్టుకుంటున్నారు.

చాంద్‌బీ కచ్చేరీకి పోయింది. వలీని లోపల పెట్టి తాళం వేసినాయన, సంతకం చూసి వేశానన్నాడు. సంతకం పెట్టినాయన, రాసి తెచ్చిన కాగితం మీద పెట్టానన్నాడు. రాసింది ఆ కచ్చేరీ గుమాస్తా, లైనులో మూడో ఇంటి వీరయ్య.

చాంద్‌బీ తిరిగి వచ్చి అతని ఎదుట నిలబడింది.

"ఇచ్చిన పేర్లు ఎత్తి రాసిన, గంతే అక్కా. పట్టుకపోయింది నేను కాదు."

"పట్టుకపోతుంటె నా కొడుకు సుత గదే అన్నడు. గుండీలు కుట్టిన, గంతేనని. వాడు లోపల కూసున్నడు. నువ్వు అరుగు మీద కూసున్నవ్."

లోపలినుంచి వీరయ్య భార్య పుష్పమ్మ అంది: "మూడు దినాల సంది రోటికి కావలి కూసున్న. రాసింది నువ్వే గద, పోయి ఆ పేరు కొట్టేసి రా."

ఆ మాట వలీ కోసం కాదు, ఇంట్లోని ఇత్తడి బిందెల కోసం. చాంద్‌బీకి తెలుసు.

మర్నాడు వీరయ్య పోయి వలీకి పూచీగా జమానతు నిలబడ్డాడు. సాయంత్రానికి వలీ వచ్చాడు, చెయ్యి వాచిపోయి. వాణ్ని లోపలికి తోసి చాంద్‌బీ గడియ లాగింది. పడలేదు.

జమానతు కాగితాల కోసం వీరయ్యను అక్కడే ఆపారట.

కొడుకు పేరు రాసిన మనిషి కోసం ఆమె సందు మొదట్లో తడుస్తూ నిలబడింది. తుకారాం వచ్చాడు. లైనులోని హనీఫా పిల్లలు వచ్చారు. లోపలున్నవాళ్లతో, తనతో కలిపి ముప్పై మూడు. చివరికి వీరయ్య వచ్చాడు, ఏదో చెప్పబోయాడు. ఆమె అతని మొహం చూడలేదు. ముప్పై నాలుగు, అని లెక్కపెట్టి ఇంట్లోకి పోయింది.