రాజుగారి చొక్కా

నాటకాల్లో రక్తం కుట్టేది నేనే. తెల్ల చొక్కా గుండెల దగ్గర మడతలో ఎర్రపట్టు దాచి, వదులుగా ఒక్క దారంతో పైకుట్టు వేస్తాను. కత్తి తగలగానే నటుడు దారం కొస లాగితే ఎరుపు బొడ్డుదాకా జారుతుంది.

మా ఆయన అదే నాటకశాలలో వడ్రంగి. కిందటేడు బాల్కనీ కూలి దానికిందే పోయాడు. కలప డబ్బు మంత్రిగారు మింగబట్టే పుచ్చు దూలాలు వచ్చాయని అందరికీ తెలుసు. అయినా విచారణలో దర్శకుడు, అంటే సాక్షాత్తూ మా మరిది, "మా అన్న తాగి మేకులు కొట్టాడు" అని చెప్పి వచ్చాడు. టీ తప్ప ఏదీ ఎరగని మనిషి గురించి! చచ్చినవాడి కళ్లు చారెడంటారు. మా ఆయనకు ఆ పొగడ్త కూడా దక్కలేదు.

అప్పటినుంచి నటులు బట్టలు గుమ్మంలోనే పడేసి పోతున్నారు. కుట్టుగదిలో నేనూ మిషనూ మిగిలాం.

ఒకరోజు మరిది వచ్చాడు.

"వదినా, నాలుగొందల ఏళ్లనాటి విషాద నాటకం వేస్తున్నా. వంతెన సొమ్ము రాజు తినేస్తాడు. అది కూలాక మేస్త్రీని ఉరితీయిస్తాడు. చివరికి మేస్త్రీ కొడుకు చేతిలో పోతాడు. మంత్రిగారే ముఖ్య అతిథి."

"అయితే?"

"అది చూశాక ఆయన ముఖంలో నెత్తుటి చుక్క ఉండదు. అప్పుడు స్టేజీ మీదే చెప్పేస్తా, మా అన్న తాగలేదని."

నమ్మాను. పలకరించే దిక్కులేని మనిషి దేన్నైనా నమ్ముతుంది.

ఆట రోజు పక్క తెర చాటున నిలబడి నేను నాటకం చూడలేదు, మంత్రిగారి ముఖమే చూశాను. మేస్త్రీని ఉరికి తీసుకెళ్తుంటే ఆయన కళ్లు తుడుచుకున్నారు. రాజు కూలగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

తెర పడ్డాక స్టేజీ మీదికి వచ్చి, "ఎంత దుర్మార్గుడయ్యా. ఆ రోజుల్లో అలాంటివాళ్లు ఉండేవాళ్లన్నమాట," అన్నారు. గొంతు నిజంగానే బొంగురుపోయింది.

"అంతా మీ దయ సార్," అన్నాడు మా మరిది.

రాజు వేషంలో ఫోటో దిగాలని మంత్రిగారికి ముచ్చటేసింది. మర్నాటి ఆటకు కుట్టి ఉంచిన చొక్కా తెచ్చి నేనే తొడిగాను. దారం కొస నా వేళ్లకు తగులుతూనే ఉంది.

"చెప్పు," అన్నాను మరిదితో, మెల్లగా.

"ఇప్పుడు కాదు వదినా."

లాగాను. మంత్రిగారి గుండెలమీద ఎర్రగా జారింది. ఎవరూ కదల్లేదు. ఏడాదిగా నేను కోరుకున్నది ఆ నిశ్శబ్దమే.

ముందుగా నవ్వింది ఆయనే. "భలే పనితనమమ్మా. ఇలాగే తీయవయ్యా ఫోటో." ఆ తర్వాత అందరూ నవ్వారు. మా మరిదీ నవ్వాడు.

ఇప్పుడా ఫోటో నాటకశాల గుమ్మంలో వేలాడుతోంది. రక్తం అచ్చం నిజంలాగే ఉందని జనం మెచ్చుకుంటారు. రోజూ దాని పక్కనుంచే కుట్టుగదికి వెళ్తాను.

మేకు వంకరగా కొట్టారు. మా ఆయనైతే అలా కొట్టేవాడు కాదు.