వెనక చక్రం

కొత్త చక్రమే వేయించుకొమ్మని ఇప్పుడంటున్నాడు, పొద్దున ఫోన్‌లో మాత్రం ఏం ఫికర్ లేదు చెల్లె, తీసుకరా, బెండు తీసిస్త అన్నాడు, పొద్దుటికీ ఇప్పటికీ చక్రం ఏమీ మారలేదు, మారిందల్లా ఒకటే, ఆదివారం జైనూర్ గుట్టల మీద సైకిల్ పోటీ ఉందని, అందులో గెలిస్తే తన బిడ్డ హర్షిణిని హైదరాబాద్‌లో కోచింగ్‌కు తీసుకుంటారని దీపిక తన నోటితో తనే చెప్పేసింది, చెప్పకపోతే ఈ నోరు ఊరుకుంటుందా, అవసరం ఎంత గట్టిదో తెలిశాక ఏ షాపువాడైనా మాట మారుస్తాడు, ఈ రాంచందర్ మాత్రం ఏమన్నా తోడబుట్టినవాడా, చెన్నూరు బస్టాండు పక్కన టార్పాలిన్ కింద కూర్చుని వచ్చేపోయే సైకిళ్లు బాగుచేసుకునేవాడు, చూడు ఎట్లా తిప్పుతున్నాడో, కావాలనే ఊగేటట్టు తిప్పుతున్నాడేమో, గుట్టలెక్కే గేర్ సైకిల్ వెనక చక్రం, లావుపాటి టైరు, లోపల స్పోకులు తెగి వేలాడుతున్నాయి, తిరిగినప్పుడల్లా తాగినవాడి నడకలా ఒక పక్కకు ఒరిగి మళ్లీ సర్దుకుంటోంది, బెండు తీయరాదని కాదు చెల్లె, తీస్త, సాపు రోడ్డు మీద మంచిగనే నడుస్తది, గని గుట్ట దిగేటప్పుడు బ్రేక్ కొడితే మల్ల ఒంకర తిరుగుతదో తిరగదో నేనైతే చెప్ప, అంటున్నాడు, అదిగో, భయం పెట్టడం, భయం పెట్టి అమ్మేవాళ్లను ఆమె ఎంతమందిని చూడలేదు, విత్తనాల దుకాణంలో, కళ్లద్దాల దుకాణంలో, అందరిదీ ఇదే వరస, కానీ ఇతను చెప్పింది నిజమైతే, ఆ దిగుడులో, ఆ మలుపుల్లో, ఒక పక్కన లోయ, ఆ ఆలోచనను దీపిక అక్కడే తెంపేసింది, అనుకుంటే అయిపోతుందేమోనని.

అసలు ఈ చక్రం దానంతటది వంగిందంటే ఎవరు నమ్ముతారు, దుబాయి నుంచి సెలవు మీద వచ్చినప్పుడు మొగుడు కరీంనగర్ పోయి షాపు షాపూ తిరిగి బిడ్డ కోసం ఏరి తెచ్చిన సైకిల్, ఒక్కనాడు చైన్ పడలేదు, సరిగ్గా పోటీ వారం వచ్చేసరికే దీనికి రోగం రావాలా, నిన్న సాయంత్రం గోదావరి రోడ్డున ప్రాక్టీసుకు పోయిన పిల్ల మోకాలు చీరుకుపోయి, కుంటుకుంటూ, సైకిల్‌ను భుజాన మోసుకుంటూ వచ్చింది, గుంత లేదు మమ్మీ, రాయి లేదు, ఎన్క చక్రం ఒక్కసారే పట్టేసింది, ఎవలో లోపలికెల్లి గుంజినట్టయింది అంది, ఎవరో గుంజినట్టు, ఆ మాట దీపిక చెవిలో ముల్లులా ఉండిపోయింది, ఎవరు గుంజుతారు, మరిది నరేశే అయ్యుంటాడు, శనివారం తాను చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పోయిన సందులో సైకిల్ తీసుకుని దోస్తులతో గోదారికి పోయాడని పక్కింటామె చెప్పనే చెప్పింది, అడిగితే, అయ్యో ఒదినె, ఒట్టు, నేను చెయ్యి గూడ పెట్టలే అన్నాడు, చెయ్యి పెట్టనివాడికి ఒట్టెందుకు, పైగా టైరు గాడుల్లో ఇసుక ఎక్కడిది, ఇద్దరు ముగ్గుర్ని ఎక్కించుకుని ఎక్కడో కుదేసి, చప్పుడు చేయకుండా తెచ్చి గోడకు ఆనించి ఉంటాడు, అయినా ఆదివారం నాడు, సోమవారం నాడు పిల్ల తొక్కితే బాగానే నడిచింది గదా, విరిగిన చక్రం రెండు రోజులు ఆగి విరుగుతుందా, ఆ లెక్క కుదరలేదు, లెక్క కుదరకపోయినా నరేశ్ మీద కోపం మాత్రం తగ్గలేదు.

నరేశ్ కాకపోతే అత్తే, మొదట అనుకోవలసిన పేరు ఆఖరున అనుకుంటోంది తాను, పొద్దస్తమానం గుమ్మంలో కూర్చునే అత్త కొమురవ్వ కంట పడకుండా ఆ సైకిల్ దగ్గరికి పిల్లి కూడా పోలేదు, ఆమెకు ఈ పోటీ మాట మొదటి నుంచీ గిట్టదు, పొయ్యి దగ్గర కూర్చుని మొన్ననే అంది కదా, ఆడివిల్లకు గుట్టలెక్కుడేంది దీపికా, కాలో చెయ్యో ఇరిగితే రేపు ఎవలు చేసుకుంటరు అని, ఆ అన్న నోటితోనే నిన్న పిల్ల మోకాలు చూసి ఏమంది, మోకాలుతోని పోయింది బిడ్డా, మల్లన్న సల్లగ సూసిండు అంది, అంటే ఇంకా పెద్దది ఏదో కావాల్సి ఉందని ఆమెకెట్లా తెలుసు, తెలిసే ఉండాలి, అప్పటి నుంచి ముద్ద ముట్టలేదు, కడుపుల బాలేదట, కడుపులో బాగలేకనా, మనసులో ఏదో కుట్టడం వల్లనా, ఇంకొకటి, ఆమె మెడలో గవ్వ ఏది, పెళ్లినాడు ఆమె తల్లి ఓదెల మల్లన్న దగ్గర బండారి పసుపు పెట్టించి నల్లదారంతో కట్టిన గవ్వ, ఒక మూల చిట్లింది, స్నానానికి కూడా తీయదు, నేను సచ్చినంకనే ఇప్పుర్రి అనేది, అట్లాంటి మెడ నాలుగు రోజులుగా బోసిగా ఉంది, అడిగితే దారం తెగింది, పెట్టెల వెట్టిన అని చూపు తిప్పుకుంది, పెట్టెలో లేదు ఏమీ లేదు, నరేశ్ పెండ్లానికి నెల తప్పింది కదా, ఆమెకు కట్టి ఉంటుంది, పెద్దకోడలికి మాట చెప్తే ఏమవుతుందోనని దాచింది, చిన్నకోడలంటే ప్రాణం మరి, హర్షిణి కడుపులో ఉన్నప్పుడు తనకు దక్కింది వట్టి దారమే.

గిదిగో చెల్లె, గిదీ సంగతి, అని రాంచందర్ పట్టకారుతో గేర్ల సందులోంచి నల్లటి ఉండ ఒకటి బయటికి లాగి గోనెపట్టా మీద పడేశాడు, చక్రానికి ఎవలో దారం కట్టిన్రు, జారి గేర్లకు చుట్టుకున్నది, చైన్ పోయి స్పోకులల్ల ఇరికింది, గదే గుంజింది, నీ బిడ్డ తప్పేం లేదు, అన్నాడు, దీపికకు అరికాళ్ల నుంచి మంట లేచింది, కట్టు, చేతబడి కట్టు కట్టింది, పిల్లను కదలకుండా ఆపడానికి చక్రానికి కట్టు కట్టింది ముసలిది, నోటితో వద్దంటే వినలేదని చేతితో ఆపింది, ఇంటికి పోగానే అడగాలి, నలుగురిలో అడగాలి, ఈ ఉండను ఆమె ముందు పెట్టి అడగాలి, దుబాయికి ఫోన్ చేసి మీ అవ్వ చేసిన పని చూడు అని మొగుడికి చెప్పాలి, ఎప్పుడూ నువ్వు ఊకెనే అనుమానపడ్తవు అంటాడు కదా, ఇప్పుడనమను, సాక్ష్యం చేతిలోనే ఉంది, అని వంగి ఆ ఉండను తీసుకుని, గ్రీజు అంటినా సరే అని కొంగుతో తుడవసాగింది.

తుడుస్తుంటే నలుపు కింద పసుపు బయటపడింది, బండారి, దీన్ని కీడుకు ఎవరు పూస్తారు, ఆ తర్వాత ముడి, పళ్లతో కొరికి బిగించిన చదునైన ముడి, ఈ ముడి తనకు తెలుసు, హర్షిణి కడుపులో ఉన్నప్పుడు తన దండచేతికి అత్త ఇట్లాగే కట్టింది, మంచిర్యాల ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు నర్సు కత్తెర తీసుకొస్తే తెంపొద్దు సిస్టర్ అని తానే చెయ్యి అడ్డం పెట్టింది, నమ్మకం ఉందా లేదా అని ఆలోచించలేదు ఆ రోజు, దుబాయి పోయే రోజున మొగుడి పెట్టె పిడికి కూడా ఇదే ముడి, ఇంట్లోంచి దూరం పోయే ప్రతిదానికీ ఇదే ముడి, దారం పొరలు ఇంకా విప్పుతుంటే వేలికి గట్టిగా ఏదో తగిలింది, తెల్లగా, ఒక మూల చిట్లిన గవ్వ, దీపిక దాన్ని అరచేతిలో పెట్టుకుని చిట్లిన మూలను బొటనవేలితో తడిమింది, కొడుకు సముద్రం దాటి పోయినప్పుడు ఇవ్వలేదు, తన కాన్పప్పుడు ఇవ్వలేదు, చిన్నకోడలికీ ఇవ్వలేదు, సచ్చినంకనే ఇప్పుర్రి అన్నది బతికుండగానే మెడలోంచి తీసి, గుట్ట దిగేటప్పుడు పిల్ల ప్రాణం దేని మీద ఉంటుందో దానికే, తిరిగే చక్రానికే, తీసుకుపోయి కట్టింది, తిరిగేదానికి కడితే ఏమవుతుందో ఆమెకేం తెలుసు.

ఏం చేద్దాం మరి చెల్లె అని రాంచందర్ అడుగుతున్నాడు, పొద్దున అతను చక్రాన్ని చూడకుండా చెప్పాడు, ఇప్పుడు చూసి, గుట్ట పేరు విని చెప్తున్నాడు, అంతే కదా, ఆ చిన్న సంగతి ఇంతసేపు తనకెందుకు తట్టలేదో, కొత్తదే వెయ్యి అన్నా, అంది దీపిక, గవ్వను కొంగు చివర ముడేసుకుంది, పోగానే అత్త మెడలో కట్టాలి, సైకిల్‌కు వట్టి దారం చాలు, అత్తా, చక్రం మార్పించిన, ఈసారి ఇగో హ్యాండిల్‌కు కట్టు అని చెప్పాలి, చక్రం ఎందుకు విరిగిందో మాత్రం చెప్పొద్దు, చెప్తే ఆ ముసలిప్రాణం ఇక ముద్ద మింగదు, ముందు కూర్చోబెట్టి తినిపించాలి, నాలుగు రోజులుగా ఆమె మెడ బోసిగా ఆ గుమ్మంలో కూర్చుని పిల్ల వచ్చే తోవ చూస్తోంది, ఆ ఇంట్లో పిల్ల కోసం భయపడేది తనొక్కతే అని దీపిక అనుకుంది, తనొక్కతే కాదు.