యూసుఫ్‌కు జలుబు చేసిన లండన్

రెడ్డెమ్మక్క పాస్‌పోర్టు చూస్తే ఎవరికైనా కుళ్ళు పుడుతుంది. లండన్ రెండుసార్లు, ఇస్తాంబుల్ మూడుసార్లు, జెనీవా ఒకసారి. రాయచోటి దగ్గర పల్లెలో పుట్టి, ఐదో తరగతితో బడి మానేసిన మనిషి పాస్‌పోర్టు అది. నేను డిగ్రీ పాసైనదాన్ని, అమలాపురంలో సొంతంగా బ్యూటీ పార్లర్ నడిపినదాన్ని. నా పాస్‌పోర్టులో కువైట్ ముద్ర తప్ప ఇంకోటి లేదు.

రహస్యం ఏమీ లేదు. కువైట్‌లో మిష్రిఫ్ అనే పేటలో ఆమె పనిచేసే ఇంటివాళ్ళు ఎండలు ముదరగానే విమానం ఎక్కేస్తారు. పిల్లలు వెళ్తే పిల్లల్ని చూసుకునే మనిషి కూడా వెళ్ళాలి కదా. అలా పదహారేళ్ళు ఎక్కీ దిగీ తిరిగింది.

"లండన్ ఎలా ఉందక్కా?" అని ఒకసారి ఆశగా అడిగాను.

"ఆడ యూసుఫ్‌కు జలుబు చేసింది మే. ఆర్రోజులు తగ్గల్యా," అంది.

"మరి ఇస్తాంబుల్?"

"లూలూ చెప్పు ఒకటి నీళ్ళల్లో పడిపోయింది. యెంత ఏడ్చిందో పాపం."

జెనీవా అంటే ఆమెకు తోపుడుబండి చక్రం ఊడిన ఊరు. ప్రపంచమంతా తిరిగి, పిల్లల ముక్కులూ కాళ్ళూ చూసి వచ్చింది. వినగానే పగలబడి నవ్వాను. తర్వాత బస్సులో కూర్చున్నాక ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు.

ఇప్పుడు ఆ మనిషి ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, క్యాన్సిల్ చేసుకుని ఆదివారం ఇంటికి వెళ్ళిపోతోంది. మళ్ళీ రాదు. ఆ సంగతి చెప్పడానికే ఫోన్ చేసింది.

"దుర్గమ్మా, ఊర్లో అందురూ అడుగుతారు, అన్ని దేశాలు తిరిగినావే, యేం చూసినావు అని. యేం జెప్పాల? యాదో ఒక్కదాన్నన్నా నా కండ్లతో చూసి పోవాల. శుక్రవారం అంతా సెలవు కావాలని మామాను అడిగినా. సరే పో అనింది."

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళందరూ అలాగే పిలుస్తారు. నెలకోసారి రెండు గంటలు బయటికి రావడమే తప్ప, రోజంతా సెలవు అడగడం రెడ్డెమ్మక్కకు పదహారేళ్ళలో అదే మొదటిసారి. నేనూ ఆ శుక్రవారం ఇక్కడ నేను పనిచేసే పార్లర్‌కు సెలవు పెట్టాను. శుక్రవారం సెలవంటే మా మేడమ్ మూకుడు లేకుండానే వేయించేస్తుంది. అయినా పెట్టాను.

చూడడం విషయంలో నాకు కొన్ని పట్టింపులున్నాయి. పరుగులు పెట్టి చూసింది చూసినట్టు కాదు. కూర్చోవాలి. చేతిలో టీ ఉండాలి. ఆ టీ ఎవరో కాచి మన చేతికివ్వాలి. అది అయ్యేదాకా లేవకూడదు. మా కోనసీమలో కాలవ గట్టున కూర్చున్నవాడు పూట గడిచినా లేవడు, వాడికి తెలియని సంగతి ఊళ్ళో ఉండదు. ఇదంతా బస్సులోనే రెడ్డెమ్మక్కకు చెప్పాను. అన్నిటికీ బుద్ధిగా తలూపింది.

ముందు ముబారకియా సంతకు తీసుకెళ్ళాను. చలికాలం కదా, ఎండ కూడా ఒంటికి హాయిగా ఉంది. ఖర్జూరాల కొట్లు దాటి, టీ కొట్టు ముందున్న చెక్కబల్ల మీద కూర్చున్నాం. బొగ్గుల మీద కెటిల్స్ వరసగా సణుగుతున్నాయి. నడుము సన్నటి చిన్న గాజు గ్లాసుల్లో ఎర్రటి టీ, పైన పుదీనా ఆకు. నేను ఇంకా వాసన చూస్తూనే ఉన్నాను, రెడ్డెమ్మక్క మూడు గుక్కల్లో తాగేసి లేచింది. తన గ్లాసు తీసుకుంది. పక్కన ఎవరో తాగి వదిలేసిన రెండు గ్లాసులు తీసుకుంది. చెంగుతో బల్ల తుడిచింది. గ్లాసులు పట్టుకుని నేరుగా కొట్టు లోపలికి, కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది.

కొట్లో పనిచేసే బంగ్లాదేశీ మనిషి హడలిపోయాడు. "అరే అమ్మా, ఛోడో, ఛోడో," అంటూ ఆమె చేతుల్లోంచి గ్లాసులు లాక్కున్నాడు. నా మొహం మాడిపోయింది.

"ఏంటక్కా ఇది? మనం ఇక్కడికి పనికొచ్చామా, చూడ్డానికొచ్చామా?"

"యేం జేద్దును మే? చేతులు వాటంతటవే పోయినాయి."

"పోతే పట్టుకుని ఒళ్ళో పెట్టుకో. ఇంకో టీ చెప్తున్నాను. ఇది పావుగంట తాగాలి."

పావుగంట తాగింది, మాట తప్పలేదు. కానీ ఎటు చూస్తోందా అని చూద్దును కదా, ఎదుటి కొట్లో వేలాడుతున్న తివాచీల్ని కాదు, బంగారు గొలుసుల్ని కాదు. ఆ పక్క బల్ల దగ్గర గంతులేస్తున్న ఎవరి పిల్లాడినో చూస్తోంది.

"ఆ పిల్లోని బూటు దారం ఊడింది. వాళ్ళమ్మ చూసుకోల్యా," అంది.

"వాళ్ళమ్మ చూసుకుంటుంది. నువ్వు సంత చూడు."

"చూస్తాండాలే," అంది, కళ్ళు మాత్రం ఆ బూటు మీంచి కదల్లేదు. ఆ తల్లి వంగి దారం ముడేసేదాకా ఊపిరి తీసుకోలేదు. నాకు భయం పట్టుకుంది. సగం రోజు గడిచిపోయింది. ఈ మనిషి ఇలాగే ఆదివారం విమానం ఎక్కితే, ముబారకియా అంటే బూటు దారం ఊడిన సంత అని రాయచోటిలో చెప్తుంది.

అందుకే పిల్లలు తక్కువుండే చోటు వెతికాను. కువైట్ టవర్స్ దగ్గర సముద్రం గట్టున ఒక బెంచీ ఖాళీగా దొరికింది. రోడ్డవతల కొట్టులో రెండు కాగితం కప్పుల్లో కరక్ చాయ్ కొనుక్కొచ్చాను. పాలు చిక్కగా మరిగి, యాలకులు దట్టంగా పడ్డ చాయ్ అది. రెడ్డెమ్మక్క రెండు చేతులతో కప్పు పట్టుకుని, చెప్పులు విప్పి, కాళ్ళు బెంచీ మీదికి ముడుచుకుంది. అది చూశాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. చెప్పులు విప్పిన మనిషి అంత తొందరగా లేవదు.

ఒక గుక్క తాగింది. తల పైకెత్తి టవర్స్ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"నీళ్ళరంగు సంగటి ముద్దలు కడ్డీకి గుచ్చినట్టుండాయి మే," అంది.

ఇద్దరం నవ్వాం. ఆ టవర్స్ గురించి ఎవరూ అనని మాట అది, అచ్చంగా ఆమె సొంతం. పదహారేళ్ళకు ఇప్పుడు ఒకటి చూసింది! పోటు తీసే వేళ. నీళ్ళు వెనక్కి తగ్గి, రాళ్ళ మీద నాచు మెరుస్తోంది. ఆమె కళ్ళు మెల్లగా రాళ్ళ మీంచి నీళ్ళ మీదికి, నీళ్ళ మీంచి ఇంకా దూరానికి వెళ్తున్నాయి. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నాకది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. మామా.

ఫోన్ ఎత్తకముందే రెడ్డెమ్మక్క లేచి నిలబడింది. కాళ్ళు చెప్పుల్లోకి వెళ్ళిపోయాయి. చాయ్ తొణికి చీర మీద పడింది. ఆమె ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడుతుంది కాబట్టి అంతా నాకు వినబడింది. వాళ్ళు మాట్లాడుకుంది అరబ్బీలో, ఆమె అరబ్బీ కూడా రాయచోటి యాసే.

"రెడ్డెమ్మా, ఎక్కడున్నావు? మా అక్కయ్యా వాళ్ళు ఎనిమిది మంది వస్తున్నారు. కొత్త పిల్లకు టీ పెట్టడం చేతకావడం లేదు. డ్రైవర్‌ని పంపిస్తున్నాను. యల్లా, వచ్చెయ్."

"హాది..." అని ఆగిపోయింది రెడ్డెమ్మక్క. హాదిర్ అంటే చిత్తం అని. పదహారేళ్ళు అన్న మాట, నాలిక చివర రెడీగా ఉంటుంది.

నాకు నషాళానికి ఎక్కింది. "రాను అని చెప్పక్కా. ఇచ్చిన సెలవు ఇచ్చినట్టే. నీకు నోరు రాకపోతే ఫోన్ నాకివ్వు, నేను చెప్తాను," అని చెయ్యి చాపాను.

"గమ్మునుండు మే," అని నా చెయ్యి పక్కకు తోసేసింది. కప్పులోకి చూసింది. సగం ఉంది. మెల్లగా బెంచీ మీద కూర్చుంది.

"మామా, నేను టీ తాగుతాండా," అంది.

మామాకు అర్థం కాలేదు. "సరే, తాగేసి రా. డ్రైవర్ వచ్చేసరికి అయిపోతుందిలే."

"టీ ఐనాక సముద్రం చూడాల."

"సముద్రమా?" మామా నిజంగానే ఆశ్చర్యపోయింది. గొంతులో కోపం లేదు. "నువ్వు చూడని సముద్రమా రెడ్డెమ్మా? ప్రతి చలికాలం అక్కడికి తీసుకెళ్ళింది మేమే కదా. ఎన్ని సాయంత్రాలు కూర్చోలేదు అక్కడ!"

"తీసకపోయినారు మామా. ల్యాదనల్యా. కానీ నేను సముద్రం చూడల్యా. యూసుఫ్‌ను చూసినా. నేను సముద్రం చూస్తా కూచోనింటే వాడు దాంట్లో పడిపోయిండేవాడు."

మామా కోపం తెచ్చుకుందేమో, పెట్టేసిందేమో అనుకున్నాను. కానీ ఫోన్‌లో గిన్నెల చప్పుడు వినబడుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోడానికి సిగ్గెందుకు. రెడ్డెమ్మక్క మాత్రం ఏడవలేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పిన మనిషిలా తిన్నగా కూర్చుంది.

మామా వంటింట్లో అరలు తెరుస్తున్న చప్పుడైంది.

"యాలకులు ఎక్కడ పెట్టావు?"

"పొయ్యి పక్కన రెండో అర. పచ్చమూత డబ్బా."

"ఎన్ని వెయ్యాలి?"

"ఎనిమిది మంది కదా, పది దంచి వెయ్యి. నీళ్ళు బాగా తెర్లినాకనే ఆకు వెయ్యాల మామా, ముందే వేస్తే చేదెక్కుతాది. మూతబెట్టి మంట తగ్గించు." సముద్రం మీంచి కళ్ళు తిప్పకుండానే చెబుతోంది. "అబ్బా, యెంత పెద్ద ఓడ పోతాందో దుర్గమ్మా, చూడు... ఆఁ, ల్యాదు మామా, చక్కెర దాంట్లో కలపద్దు. పక్కన వేరేగా పెట్టు. మీ అక్కకు షుగరు ఉండాది."

"అవును, మర్చిపోయాను," అంది మామా. "రెడ్డెమ్మా, డ్రైవర్‌ని పంపించను. చీకటి పడ్డాక నువ్వే ఫోన్ చెయ్యి, అప్పుడు పంపిస్తాను." పెట్టేసింది.

రెడ్డెమ్మక్క ఫోన్‌ను సంచిలో వేసి, చెప్పులు మళ్ళీ విప్పి, కాళ్ళు పైకి ముడుచుకుంది. ఓడ వెళ్ళిపోయిన వైపే చూస్తూ కప్పు నోటికి తగిలించి మొహం చిట్లించింది.

"సల్లారిపోయింది మే. ఇంకో టీ పట్టకరాపో."

"నేనా?" అన్నాను. నన్నెవరూ అలా పురమాయించరు, మా మేడమ్ కూడా కాస్త బతిమాలుతుంది.

"నువ్వే. నేను లేయను."

రోడ్డు దాటి వెళ్ళి, వేడివేడిగా ఇంకో రెండు చాయ్‌లు తెచ్చాను.