కడుపులో పేరుకున్న కొబ్బరినూనె

నేను ఒక గాజు కోసే కలాన్ని. కలమంటే రాతకోతలు రెండూ అనుకునేరు, నాకు కోత ఒక్కటే వచ్చు. ఇత్తడి ఒళ్లు, మూతికి ఆవగింజంత ఉక్కు చక్రం, కడుపులో నూనె. ఆ నూనె చక్రం మీదికి జారుతూ ఉంటేనే గాజు మీద నా గీత నిలుస్తుంది. ఎక్కడో కార్ఖానాలో పుట్టినా నాకు బుద్ధి వచ్చింది మాత్రం బాపట్లలో, కృపానందం చేతిలో.

చర్చిలకు రంగు గాజుల కిటికీలు చేసేవాడాయన. నేను కోసిన ముక్కల అంచులను ఆయన భార్య సలోమి సానమిషను మీద అరగదీసేది. సాన ఎండితే గాజు వేడెక్కి పగులుతుందని నీళ్ల స్పాంజిని పసిబిడ్డలా కనిపెట్టుకుని ఉండేది. నా కడుపు సంగతి ఆయనది. కిరసనాయిలు, అదీ సగానికే. ఆయన బొటనవేలు నా వీపున ఆనితే చాలు, ప్రాణం లేచొచ్చేది. ఆయన పోయాక నన్ను డ్రాయరులో పడేశారు. ఆ చెయ్యి కోసం ఎంత బెంగపడ్డానో చెప్పలేను.

మొన్నటి తుఫానుకు, వాళ్ల పెళ్లయిన ఏడాది ఆయన చేసిన చర్చి కిటికీలో నీలం గాజు పగిలింది. అలాంటి నీలం ఇప్పుడు దొరకదు. ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క ముక్క. పాస్టరుగారు వచ్చి, "క్రిస్మస్ దగ్గరకొచ్చింది కదమ్మా, ప్లాస్టిక్ రేకు అతికిద్దాం" అన్నారు.

"ఆయన చేసిన కిటికీకి ప్లాస్టిక్కా? నేను కోస్తానయ్యా" అంది సలోమి. ఆమె ఏనాడూ గాజు కోసి ఎరగదు!

కిరసనాయిలు కోసం ఊరంతా తిరిగింది. రేషనులో ఆగిపోయి ఎన్నాళ్లో అయింది. "ఏ నూనైతే ఏముందిలే" అనుకుని, తలకు రాసుకునే కొబ్బరినూనె నాకు పట్టించింది. మనుషులింతే, తమకు హాయిగా ఉన్నది అందరికీ హాయే అనుకుంటారు. డిసెంబరు చలికి తెల్లారేసరికి నా కడుపులో నూనె పేరుకుంది, చక్రం బిగుసుకుపోయింది. మామూలు గాజు మీద గీసి చూస్తే విరుపు దారి తప్పి అడ్డంగా పోయింది. పక్కనే ఆ నీలం ముక్క.

పక్క కొట్టు దర్జీ ఖాసిం తొంగిచూశాడు. "ఇదేందక్కా, ఇనుముకి తలంటు పోశావా? చలికి పేరుకోదూ! నా మిషను నూనె పొయ్యి. పల్చగా ఉంటది, గడ్డకట్టదు."

సలోమి నన్ను వేడినీళ్లలో సబ్బేసి కడిగి, ఆరబెట్టి, ఆ నూనె పోసింది. చక్రం గిర్రున తిరిగింది. నీలం ముక్క మీద నన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి లాగింది.

సర్ర్ మని సన్నటి, తెగని చప్పుడు. రెండు చేతులా పట్టి విరిస్తే ముక్క గీత వెంటే విడిపోయింది.

"ఇటివ్వండి" అంది సలోమి.

ఆ చప్పుడు ఆగి గాజు విడిపోగానే ముక్క కోసం చెయ్యి చాచడం ఆమెకు ఇన్నేళ్ల అలవాటు. ఇచ్చేవాడు లేడు. ముక్క తన చేతిలోనే ఉంది. అది చూసుకుని, పిచ్చితల్లి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

తర్వాత లేచి నూనె మరక కడిగింది, స్పాంజి తడిపి సాన పట్టింది. పండగ నాటికి కిటికీలో నీలం కూర్చుంది. అయినా నన్ను డ్రాయరులో పెట్టలేదు. పని లేని మధ్యాహ్నాలు ఏదో పాత గాజుముక్క తీసి నాతో ఒక గీత గీస్తుంది, కళ్లు మూసుకుని. గీత అయిపోయేదాకా ఆయన ఉన్నట్టే ఉంటుంది, మా ఇద్దరికీ.