మూడో జుమ్మా

సబీహాకు భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆ మనిషి మరీ శుభ్రంగా ఉంటాడు. వీధిలో మిగతా ఆడవాళ్లు తడి తువ్వాలు మంచం మీద పడేసే మొగుళ్ల గురించి చెప్పుకుంటుంటే, మధ్యలో కలపడానికి ఆమె దగ్గర ఒక్క ముక్క కూడా ఉండేది కాదు. అక్రం కుళాయి దగ్గర కూర్చున్నాడంటే పైన ట్యాంకు ఖాళీ అయ్యాకే లేస్తాడు. అది కూడా మనసొప్పి కాదు, నీళ్లు రాక.

అతనికి నరసరావుపేటలో చిన్న షాపు. మిరప తోటలకు మందు కొట్టే పంపులు బాగుచేస్తాడు. చేతులకు ఎప్పుడూ గ్రీజే. మొన్న రంజాన్‌లో ఒకరోజు నమాజు చదివి వచ్చాక గోటి కింద నల్లటి గీత కనబడింది. గ్రీజు ఉన్నచోట నీళ్లు తగలవు. నీళ్లు తగలకపోతే నమాజుకు ముందు ముఖమూ చేతులూ కాళ్లూ కడుక్కుని, తడిచేత్తో తల తుడుచుకునే వజూ చెల్లదు. వజూ చెల్లకపోతే నమాజే చెల్లదు. ఆ గీతను సబ్బుతో తోమేశాడు గానీ, అది గోటి కింద నుంచి జారుకుని బుర్రలోకి పోయి కూర్చుంది.

అప్పట్నుంచి ఒక్కో వజూకు అరగంట. మోచెయ్యి తడిసిందా, తల తుడిచానా, కడిగింది మూడుసార్లా రెండుసార్లా.

"ఏమే, అయిందా?" అని కుళాయి దగ్గర్నుంచి అరుస్తాడు.

"అయిందండీ" అని సబీహా వంటింట్లోంచి చెబుతుంది. చూసి కాదు, పోపు మాడకుండా చూసుకుంటూ.

షాపుకు వెళ్లాక కూడా ఫోను వస్తుంది. "పొద్దున నేను తల తుడుచుకున్నానా?"

"శుభ్రంగా తుడుచుకున్నారు."

సబీహా డిగ్రీలో సైకాలజీ చదివింది. కంగారుపడే మనిషికి ధైర్యం చెప్పాలని ఆమెకు తెలుసు, రోజుకు నలభైసార్లు చెబుతోంది కూడా. అత్తగారు షంషాద్‌కు అసలిది బాధలాగే కనిపించలేదు. "నా కొడుక్కి అల్లా భయం చానా ఎక్కువ" అని పక్కింటివాళ్లకు గొప్పగా చెప్పుకునేది.

గొడవ శుక్రవారాలతో వచ్చింది. జుమ్మా నమాజు మసీదులో అందరితో కలిసి చదవాల్సిందే, ఇంట్లో చదువుకుంటానంటే కుదరదు. రెండు వారాలుగా అక్రం మోచేతులు కడుగుతుండగానే మసీదు మైకులో నమాజు ముగిసిపోయింది. వరసగా మూడు జుమ్మాలు అశ్రద్ధగా వదిలేసినవాడి గుండెకు ముద్ర పడిపోతుందని, ఇక మంచి మాట లోపలికి దిగదని చిన్నప్పట్నుంచి విన్నవాడు. రేపు వచ్చేది మూడోది. అన్నం కూడా సరిగ్గా తినడంలేదు.

రెండు జుమ్మాలుగా అక్రం కనబడకపోయేసరికి, ఆ గురువారం సాయంత్రం మసీదులో నమాజు చేయించే యాసిన్ హజరత్ ఇంటికి వచ్చాడు. వరండాలో కుర్చీ వేస్తే కూర్చుని, చాయ్ తాగుతూ, పెరట్లో అక్రం వజూను మొదట్నుంచి చివరిదాకా చూశాడు. చాయ్ అయిపోయింది. వజూ అవలేదు.

"ఎన్నోసారి బేటీ?" అన్నాడు సబీహాతో.

"ఏంది హజరత్?"

"అదే, అయింది అయింది అంటున్నావుగా."

"ఈ పూటకి తొమ్మిది."

"మొదటిదానికే వాడి మనసు కుదుటపడితే మిగతా ఎనిమిది ఎందుకు?"

"ధైర్యం చెప్పకపోతే ఇంకా కంగారుపడతారు. నేను సైకాలజీ చదివాను హజరత్."

"మంచి చదువే. మరి ఈ బాధ గురించి అందులో ఏం రాశారు?"

సబీహా ఖాళీ చాయ్ గ్లాసు అందుకుంది. ఆ పాఠాన్ని పరీక్షల్లో ఛాయిస్ కింద వదిలేసింది.

ఇంతలో అక్రం తడి చేతులతో వచ్చి నిలబడ్డాడు. హజరత్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"దీన్ని మనవాళ్లు వస్‌వసా అంటార్రా. లోపల్నుంచి గుసగుసలాడుద్ది. జవాబు చెప్పేకొద్దీ ఇంకా అడుగుద్ది. మదరసాలో ఉన్నప్పుడు నాకూ పట్టుకుంది. నీళ్ల తొట్టి దగ్గర్నుంచి లేచేవాణ్ణి కాదు. ఒకరోజు మా ఉస్తాద్ వచ్చి, చెయ్యి పట్టుకుని లేపి, తీసుకుపోయి నమాజు వరసలో నిలబెట్టాడు. వజూ అవలేదేమో అన్నా. అనుమానాన్ని పక్కన నిలబెట్టుకునే చదువు అన్నాడు."

"అంటే ఇది భక్తి కాదా?" అంది షంషాద్, కాస్త నొచ్చుకుని.

"భక్తి అయితే మసీదుకు తెచ్చేది కదమ్మా. ఇది వీణ్ణి కుళాయికి కట్టేసింది." మళ్లీ అక్రం వైపు తిరిగాడు. "కడిగానని తెలిశాక, కడగలేదేమోనన్న అనుమానానికి మన షరియత్‌లో విలువ లేదు. ఒకసారి కడుగు, లే."

"భయమేస్తది హజరత్."

"వెయ్యనీ. ఆ భయంతోనే రా. అప్పటికీ తగ్గకపోతే గుంటూరులో డాక్టరు దగ్గరకు నేనే తీసుకుపోతా. జ్వరమొస్తే పోవా ఏంది?" లేస్తూ సబీహాతో అన్నాడు. "నువ్వు మాత్రం ఇక సాక్ష్యం చెప్పమాకమ్మా."

శుక్రవారం మధ్యాహ్నం అక్రం కుళాయి దగ్గర కూర్చున్నాడు. కాళ్లదాకా కడిగి ఆగాడు.

"ఏమే, అయిందా?"

సబీహా నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. అందులో కొంగు కుక్కుకుంది.

"పలకవేందే?"

"నన్నడక్కండి."

"అంటే అవలేదా?"

"అదీ చెప్పను."

"అయింది నాయనా..." అని షంషాద్ మొదలుపెట్టేలోపు సబీహా ఆమె ఒళ్లో ఉల్లిపాయల పళ్లెం పెట్టి, "ఇవి తరగండి అత్తమ్మా" అంది.

మైకులో నమాజుకు ముందు చెప్పే ప్రసంగం మొదలైంది. అక్రం కుళాయి కట్టేశాడు. తిప్పాడు. మళ్లీ కట్టేశాడు. ముఖం పాలిపోయింది. ఒక్క మాటంటే తేలికపడే మనిషిని అలా చూస్తూ నిలబడటం సబీహాకు చేతకాలేదు. వెనక్కి తిరిగి గోడకేసి చూస్తూ నిలబడింది. కాసేపటికి గేటు చప్పుడైంది. తిరిగి చూస్తే కుళాయి దగ్గర ఎవరూ లేరు. చెప్పుల్లో ఒకటి అతనిది, ఒకటి అత్తగారిది పోయాయి.

గంట తర్వాత వచ్చాడు. "నమాజు అందిందా?" అని అత్తాకోడళ్లు ఒకేసారి అడిగారు.

"చదివా. చదివినంతసేపూ మోచెయ్యే గుర్తొచ్చింది. చివరికొచ్చేసరికి కాస్త పలచబడింది." అరుగు మీద కూలబడ్డాడు. చాలా రోజుల తర్వాత ఆకలేస్తోందన్నాడు. సబీహా పళ్లెం తెచ్చి పెడుతుంటే తలెత్తి చూశాడు. "ఇన్నాళ్లూ ఇట్లా నోరు మూసుకుని ఎందుకు ఉండలేదే నువ్వు?"

చెప్పాలనుకుంటే సబీహా దగ్గర పుస్తకాల్లో సమాధానాలు బోలెడున్నాయి. వాటిని అక్కడే వదిలేసి పక్కన కూర్చుంది.

"మీకు ధైర్యం చెబుతున్నాననుకున్నా. మీ అనుమానాన్ని నేనే మేపుతున్నానని తెలుసుకోలేకపోయా. తప్పు నాదేనండీ."