గాలికి అడ్డు

పోర్టు గేటు దాటగానే తవిటయ్య చొక్కా బొత్తాలు విప్పేసి, సైకిలెక్కి వెనక్కి తిరిగాడు.

"రా బావా. నా సక్రం ఎనకాలే ఉండాల. పక్కకి జరిగేవంటే గాలంతా నీదే."

కామరాజు మీట నొక్కాడు. లారీ బ్యాటరీతో నడిచే, కంచరపాలెం షెడ్డులో బిగించిన చిన్న మోటారు కుయ్యిమంది. అతని సైకిలు కదిలింది. పోర్టులో కాటా దగ్గర అతని పని. పోయినేడు గుండె పట్టేశాక పెడలు తొక్కితే ప్రాణాల మీదికొస్తుందని డాక్టరు తేల్చి చెప్పాడు. బస్సయితే ఫుట్‌బోర్డు మీద వేలాడాలి. ఇల్లున్న కూర్మన్నపాలెం దాకా బ్యాటరీ సరిపోతుంది, ఎదురుగాలి లేకపోతే. ఎండాకాలం సాయంత్రాలు ఆ దారిలో అది లేనిదెప్పుడు?

అందుకే ముందు తవిటయ్య. పోర్టులో మూటలు మోసి మోసి తలుపు రెక్కంత వెడల్పయిన వీపు. సినిమాహాల్లో వెనకవాళ్లు తిట్టుకునే వీపు. నలుగురిలో దాన్ని కుదించుకునే బతికాడు. ఈ దారిలో మాత్రం భుజాలు విప్పి నిటారుగా కూచునేవాడు. చొక్కా బుంగలా ఉబ్బేది. రోజూ ఒకటే భయం, కామరాజు పెళ్లాం గౌరీశ్వరికి ఏ కబురు మోసుకెళ్లాల్సొస్తుందోనని.

ఇవాళ కామరాజు ఉద్యోగానికి ఆఖరి రోజు. తెల్లారితే మొగుడూ పెళ్లాం పద్మనాభంలో పొలం దగ్గరికి వెళ్లిపోతారు. ఈ ఒక్క సాయంత్రం గడవాలి.

గాజువాక దాటాక గాలి రెచ్చిపోయింది. ఇసుక మొహాన కొడుతోంది. మోటారు కూత సన్నబడింది.

"వొంగో బావా! హేండిలు మీద గెడ్డం పెట్టీ!"

"వొంగేను. ఇంకా వొంగితే నీ పిర్రలకి దండవెట్టినట్టుంటాది."

"పెట్టు. పున్నెవొత్తాది."

మోటారు మరీ మూలిగింది. "ఆగిపోతన్నాది బావా. రెండు తొక్కులు తొక్కుతాను..."

"కాలాడించేవంటే ఇరిసేత్తాను!"

తవిటయ్య దిగి వచ్చి చూశాడు. గేటు దగ్గర తను పట్టించుకోలేదు గానీ, వీడ్కోలు సభలో ఇచ్చిన సన్మానపత్రం, కిటికీ అంత అద్దాల పటం, హేండిలుకి అడ్డంగా కట్టి ఉంది. గాలంతా దానికే తగులుతోంది.

"ఇదేటి, తెరసాప కట్టేవు? పారీ!"

"గౌరికి సూపించాల బావా. జీవితంలో ఒక్క పటం."

తవిటయ్య దాన్ని విప్పి తన హేండిలుకి నిలువునా బిగించి ఎక్కాడు. గాలి ఎదురు తన్నింది. పళ్లు బిగించి తొక్కాడు. తొడలు మండాయి. కాసేపటికి వెనక కూత మళ్లీ గట్టిపడింది. అంత తీయటి చప్పుడు అతనెప్పుడూ వినలేదు.

సందు మలుపులో మోటారు చచ్చిపోయింది. సైకిలు దాని ఊపునే దొర్లి గుమ్మం ముందు ఆగింది.

గుమ్మం పక్క ముక్కాలిపీట మీంచి గౌరీశ్వరి లేచింది. రోజూ దానిమీద కూచునే దారి చూసేది. మొగుణ్ణి దానిమీద కూచోబెట్టి, గుండెమీద చెయ్యి వేసి చూసింది.

"బాగానే ఉన్నాది. అన్నయ్యా, నీకూ ఇంక సెలవే."

"అమ్మయ్య, తల్లీ," అని తవిటయ్య మట్టిలోనే చతికిలబడ్డాడు. ఏడాదిగా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

మర్నాడు పొద్దున్నే సామాన్ల వేను కదిలింది. ముందు సీట్లో అద్దం చాటున కామరాజు చెయ్యి ఊపాడు. అతని జుత్తు చెదరలేదు.

ఆ సాయంత్రం తవిటయ్య వెనక ఎవరూ లేరు. మొదటిసారి తనే హేండిలు మీదికి వంగాడు. గాలి వీపు మీంచి జారిపోయింది, సైకిలు తేలిపోయింది. నవ్వొచ్చింది.

సందు మలుపులో ఆగాడు. కామరాజు ఇంటికి తాళం. వేనులో చోటు చాలక వదిలేసిన ముక్కాలిపీట, అంత గాలిలోనూ కదలకుండా, దారివైపే ఉంది.